పండుగ చేతిపనులు – పసివారి లెక్క

అయిదేండ్ల బాలుడు నూరువరకు ఒంట్లు తడుముకొనక వల్లించినచో తల్లిదండ్రులు పొంగిపోవుదురు. అట్టి బాలుని ముందు గుప్పెడు చింతగింజలు పోసి, ఇవి ఎన్నియో చెప్పుమని అడిగి చూడుడు. పలుమారు ఒక గింజను రెండుసార్లు ముట్టును, వేఱొకదానిని విడిచిపోవును, నోటిలోని అంకె వ్రేలికంటె ముందు పరుగిడును. వానికి అంకెల పేర్లు వచ్చినవి గాని లెక్క ఇంకను రాలేదు. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క అంకెయే చెల్లుననియు, కడపట పలికిన అంకెయే మొత్తమును తెలుపుననియు గ్రహించిననాడే లెక్క వచ్చినట్లు. ఈ గ్రహింపు చేతిపనివలన అలవడినంత సులభముగా వల్లెవేతవలన అలవడదు.

ఇట్టి చేతిపనులను మన పెద్దలు పండుగలలోనే ఇమిడ్చి ఉంచిరి. భోగికి కొన్నిదినముల ముందు పిల్లలు ఆవుపేడతో చిన్న పిడకలు చేసి, నడుమ వ్రేలితో బెజ్జము పెట్టి, ఎండినపిమ్మట త్రాట గ్రుచ్చుదురు. అక్క దండకు ఇరువది పిడకలును తమ్ముని దండకు పదునేడును ఉన్నచో, ఇంకను మూడు కావలెనని వానికి ఒకరు చెప్పనక్కరలేదు. దండలు రెండును ప్రక్కప్రక్కన పఱచిన కొఱత కంటికే కనబడును. తీసివేత యను మాట వినకమున్నే వాడు తీసివేత నేర్చినాడు.

ముగ్గు ఇంతకంటె పైతరగతి పాఠము. ఎదురు చుక్కల ముగ్గులో నడిమి వరుస ఏడయినచో, పైకిని క్రిందికిని అయిదు, మూడు, ఒకటిగా తగ్గును. మొత్తము 25 చుక్కలు. సందు చుక్కల ముగ్గులో ఆ యేడే ఆఱు, అయిదు, నాలుగుగా తగ్గి మొత్తము 37 అగును. ఒకదానిలో వరుసకు రెండేసి, వేఱొకదానిలో ఒక్కొక్కటి తగ్గుట ఏలయని బాలిక తానై అడుగునట్లు చేయగల గురువు ఈ ముగ్గు. ఒక్క చుక్క తప్పినను గీత కలియదు. బెత్తము లేకయే తప్పు బయటపడును. చెఱిపి మరల పెట్టుటకు చిటికెడు పిండి చాలును. మన ముగ్గునకు తోబుట్టువైన తమిళుల కోలమును మదరాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి ప్రభృతులు 1970 ప్రాంతముల గణితదృష్టితో పరిశోధించిరి. వాకిట అరిగిపోవు పిండిగీతలలో పండితులకు సయితము పని కలదన్నమాట.

తెలంగాణమున బతుకమ్మ పేర్చుటయు నిట్టిదే. పళ్లెరమున ఆకులు పఱచి తంగేడు, గునుగు, బంతి పూలను వలయములుగా పేర్చుచు పోగా, పై వలయము క్రిందిదానికంటె చిన్నది కావలయును. గునుగుపూల కాడలను పదేసి చొప్పున కట్టలు కట్టి ఇమ్మని పిల్లలకు అప్పగించినచో, మూడు కట్టలును నాలుగు కాడలును కలిసి ముప్పదినాలుగని వారి చేతికే తెలియును. పదుల స్థానము, ఒకట్ల స్థానము అని పలకమీద ఎంత బోధించినను పట్టుబడని సంగతి ఇదియే. బొమ్మల కొలువునకు మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టు ఆచారమువలన బేసి సంఖ్యలును అట్లే పరిచితములగును.

ఇప్పుడు ఈ పనులు పిల్లల చేతినుండి జాఱిపోవుచున్నవి. పాడిగల గృహస్థులు సయితము పిడకల దండలను అంగడిలో కొనుచున్నారు. గడపముందు అచ్చు ముగ్గుల కాగితములు అంటించుచున్నారు. ఒకవంక కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో నిపుణ్ భారత్ పథకమును ఆరంభించి, 2026–27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి శిశువునకును చదువు, లెక్కల పునాది పడవలెనని లక్ష్యము పెట్టుకొనినది. మఱియొకవంక ఆ పునాదికి ఇంటిలోనే ఉన్న సామగ్రిని మనము పారవేయుచున్నాము. ఇది వివేకము కాదని మా యభిప్రాయము.

పండుగను పరీక్షగా మార్చుమని మేము చెప్పుటలేదు. ముగ్గు పెట్టు పిల్లను ప్రశ్నలతో వేధించినచో ముగ్గును పోవును, లెక్కయు పోవును. ఎక్కములు వల్లించుటయు మానరాదు. చేతికి తెలిసినదానిని నోరు నిలుపుకొనుట మేలే. మేము కోరునది స్వల్పము. పని త్వరగా తెమలవలెనని పెద్దలు తామే చేసివేయక పిల్లలకు విడువవలయును. ముగ్గు ఆడపిల్లల పనియని మగపిల్లలను దూరముంచరాదు. లెక్క ఇరువురికిని కావలసినదే. అంగన్‌వాడీలలోను ప్రాథమిక పాఠశాలలలోను సంక్రాంతి సెలవులకు ముందటి వారము చుక్కలకును పిడకలకును కేటాయింపవలయును. ఇందులకు వ్యయము కొంచెము పిండి, కొంచెము పేడ, జానెడు త్రాడు. రాబోవు సంక్రాంతికి మా చదువరులు తమ వాకిలిలో ఒక మూల పసివారికి వదలి, వారి వంకరముగ్గు చెఱపకుందురని ఆశించుచున్నాము.