బొమ్మ ఇచ్చిన మాట

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోకి 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా కొత్త గేములు వచ్చాయి. రోజుకు యాభై చొప్పున అనుకోవచ్చు. అన్నిటి వివరాలూ చదివే ఓపిక ఎవరికుంటుంది? జాబితా కిందికి జరుగుతూ పోతుంటే కంటికి ఆనేది ఒక్క ముఖచిత్రమే. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ దీన్ని క్యాప్సూల్ అంటుంది. పేజీలో ఒక్కో చోట ఒక్కో కొలతలో కనిపించే ఈ బొమ్మ కొన్ని జాబితాల్లో 120 పిక్సెళ్ల వెడల్పు, 45 పిక్సెళ్ల ఎత్తుకు కుంచించుకుపోతుంది. మూడు నాలుగేళ్లు చెమటోడ్చి చేసిన గేముకు దక్కే మొదటి చోటు అదే. అందుకే గేములు తయారుచేసేవాళ్లు ముఖచిత్రం ముసాయిదాను నలుగురికీ చూపించి ‘బాగుందా’ అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నతోనే దారి తప్పుతున్నారని నా అభిప్రాయం. ముఖచిత్రం చూసేవాడికి ఒక మాట ఇస్తుంది: ఇందులో నీకు దొరికేది ఇది, అని. ఆ గేము నచ్చే మనిషిని ఆపి, నచ్చని మనిషిని తన దారిన పోనిచ్చే బొమ్మే మంచి ముఖచిత్రం. అందం ఆ పనికి సాయపడాలి, అంతవరకే.

అలాగని తెరమీద కనిపించేదే ముఖచిత్రంలోనూ ఉండాలని నేననడం లేదు. 1977లో అటారీ 2600 గేము యంత్రం వచ్చినప్పుడు తెరమీద ఉండేవి కొన్ని రంగుల చతురస్రాలు మాత్రమే. కానీ దానిమీద ఆడే ‘కాంబాట్’ గేము అట్టపెట్టె మీద క్లిఫ్ స్పోన్ గీసిన చిత్రంలో ట్యాంకులూ విమానాలూ నిజమైన యుద్ధంలోలా కలబడుతుంటాయి. అది మోసమేనా? కాదనే నా లెక్క. తెర ఎలా ఉంటుందో ఆనాటి కొనుగోలుదారుకు తెలియంది కాదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరిమీద ఒకరు గురిపెట్టుకునే ఉత్సాహాన్నే ఆ చిత్రం వాగ్దానం చేసింది, ఆట దాన్ని నిలబెట్టింది. అటారీ నుంచి బయటికొచ్చినవాళ్లు 1979లో పెట్టిన యాక్టివిజన్ మరో దారి పట్టి, తెరమీది బొమ్మకు దగ్గరగా ఉండే అట్టలే వేసింది. దారులు వేరైనా రెండిటిలోనూ నిజాయితీ ఉంది. 1987లో జపాన్‌లో ‘రాక్‌మ్యాన్’గా వచ్చిన క్యాప్‌కామ్ గేము అమెరికాలో ‘మెగామ్యాన్’ అయినప్పటి సంగతి వేరు. ఆటలో చెయ్యే తుపాకీగా మారే చిన్న రోబో కుర్రాడు, అమెరికా అట్టమీద పిస్తోలు పట్టుకున్న నడివయసు మనిషైపోయాడు. ఆ బొమ్మ వికారంగా ఉందని ఇప్పటికీ నవ్వుకుంటారు. 2012లో క్యాప్‌కామే ఆ రూపాన్ని మరో గేములో పాత్రగా పెట్టి తానూ ఆ నవ్వులో కలిసింది. నాకు మాత్రం వికారం కంటే పెద్ద తప్పు ఆటలో లేని మనిషిని చూపించడమే.

ఈ వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2001లో వచ్చిన ‘ఇకో’. కొమ్ములతో పుట్టాడని ఊరివాళ్లు ఒక కుర్రాణ్ణి కోటలో బంధిస్తారు. అక్కడ ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె చెయ్యి పట్టుకుని కోట దాటించడమే ఆట. మీట నొక్కి ఉంచినంతసేపే ఆ చెయ్యి చేతిలో ఉంటుంది. జపాన్, యూరప్ అట్టలకు చిత్రం గీసింది ఆ గేము దర్శకుడు ఫుమితో ఉయెదానే. ఇటలీ చిత్రకారుడు జార్జియో డి కిరికో వేసిన ‘అనంతం కోసం బెంగ’ అనే చిత్రం ఆయనకు స్ఫూర్తి. బోసిపోయిన విశాలమైన స్థలం, పొడవాటి నీడలు, వాటి మధ్య చేతులు పట్టుకుని పరుగెత్తే రెండు చిన్న ఆకారాలు. ఆటలోని ఒంటరితనం, ఆ చేతుల బంధం రెండూ అందులోనే ఉన్నాయి. అమెరికా అట్టమీద దీన్ని కాదని, కుర్రాడి రూపాన్ని కంప్యూటర్ బొమ్మగా పెద్దది చేసి ముందుకు తెచ్చారు. దాన్ని చూస్తే ఇది మామూలు సాహసాల గేమేనని ఎవరైనా అనుకుంటారు. అక్కడ గేము పెద్దగా అమ్ముడుపోకపోవడానికి ఆ అట్టా ఒక కారణమని చాలామంది విమర్శకులు అన్నారు. అమ్మకాలకు ఒకే కారణం ఉండదు కాబట్టి అంత గట్టిగా నేననను. మౌనంగా సాగే ఆట కోసం వెతుకుతున్న మనిషికి ఆ అట్ట ఏ కబురూ అందించలేదన్నది మాత్రం నిజం.

అయితే ఉయెదా చిత్రాన్నే తెచ్చి 120 పిక్సెళ్ల చోటులో పెడితే? ఆ రెండు ఆకారాలూ చుక్కలైపోతాయి, మిగిలేది పసుపు మరక. ముఖచిత్రాన్ని అది కనిపించే చోట, కనిపించే కొలతలోనే అంచనా వేయాలన్నది ఇందుకే. చిత్రకారుడు పెద్ద తెర నిండా బొమ్మ తెరిచి చూపిస్తే దాదాపు ఏ బొమ్మైనా బాగానే ఉంటుంది. చిన్న క్యాప్సూల్‌ను గేము పేరుతో దాదాపు నింపేయమని వాల్వ్ సలహా ఇచ్చేదీ ఈ కారణంతోనే. అంటే ఒకే మాటను ఒక్కో కొలతకు ఒక్కోలా చెప్పగలగాలి: నిలువు బొమ్మలో స్థలమంతా చూపించవచ్చు, చిన్నదానిలో పట్టుకున్న రెండు చేతులు, పేరు మాత్రమే ఉంచవచ్చు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ 2017లో తెచ్చిన ‘హాలో నైట్’ను చూడండి. చీకటి నేపథ్యం, తెల్లటి ముఖం, రెండు కొమ్ములు, ఖాళీ కళ్లు. ఎంత కుదించినా ఆ ముఖం చెదరదు. దిగులూ చీకటీ నిండిన లోకంలోకి వెళ్తున్నావని చెప్పడం మానదు. చిన్న చోటులో అన్నీ ఇరికించే అలవాటు ఎంతగా ముదిరిందంటే, వాల్వ్ 2022 సెప్టెంబరు 1 నుంచి క్యాప్సూల్ మీద గేము చిత్రం, పేరు, ఉపశీర్షిక తప్ప రేటింగులు, అవార్డులు, డిస్కౌంట్ రాతలు ఉండకూడదని నియమం పెట్టాల్సి వచ్చింది. అది మేలే చేసింది. ఇతరుల పొగడ్తలు తీసేశాక బొమ్మ తన మాట తానే చెప్పుకోవాలి.

నా వాదనకు వ్యాపారం తెలిసినవాళ్ల జవాబు ఒకటుంది: జనానికి అలవాటైన రూపమే అమ్ముడుపోతుంది, నిజాయితీ పేరుతో కొత్తదనానికి పోతే నష్టం. 2013లో వచ్చిన ‘బయోషాక్ ఇన్ఫినిట్’ను వాళ్లు చూపిస్తారు. కథకు గుండెకాయ ఎలిజబెత్ అనే యువతి, అట్ట ముందువైపు మాత్రం భుజాన తుపాకీ వేసుకున్న మగాడు. విమర్శలొచ్చినప్పుడు దర్శకుడు కెన్ లెవీన్ దాపరికం లేకుండా చెప్పారు: గేముల వార్తలు చదవని, బయోషాక్ పేరే వినని వాళ్లను చేరడానికే ఆ అట్ట అని. అభిమానుల ఓట్లతో ఎంచిన మరో చిత్రాన్ని అట్ట లోపలివైపు వేశారు కూడా. గేము లక్షల్లో అమ్ముడైంది. ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చలేం. కానీ అదే ఏడాది ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ కూడా వచ్చింది. ఎల్లీ అనే అమ్మాయిని అట్ట వెనక్కి జరపమంటే ఆ గేము చేసిన నాటీ డాగ్ బృందం ఒప్పుకోలేదని, ఆ పాత్రకు గొంతిచ్చిన యాష్లీ జాన్సన్ చెప్పారు. అదీ లక్షల్లోనే అమ్ముడైంది. కాబట్టి అలవాటైన రూపం తప్పనిసరి కాదు. పైగా పెద్ద సంస్థకు ఊరూరా వినిపించే ప్రచారం ఉంటుంది, అట్టమీది మగాడు ఎవరిలా ఉన్నా చెల్లిపోతుంది. ముగ్గురు నలుగురు కలిసి చేసిన గేము అదే రూపాన్ని అరువు తెచ్చుకుంటే, అలాంటివే వందలున్న జాబితాలో దాన్ని ఎవరు గుర్తుపడతారు?

ఇంకొందరు ఈ తర్కమంతా ఎందుకంటారు, అంకెలే తేలుస్తాయంటారు. బొమ్మ ఎందరికి కనిపించిందో, ఎందరు పేజీకి వచ్చారో స్టీమ్ డెవలపర్‌కు చూపిస్తుంది. గూగుల్ ప్లే 2015 నుంచి రెండు బొమ్మలను వేర్వేరు జనాలకు చూపించి పోల్చే వీలు కూడా ఇచ్చింది. ఈ అంకెలు పనికొస్తాయి, చూడకపోవడం మూర్ఖత్వం. కానీ క్లిక్కు కొలిచేది కుతూహలాన్ని, అంతే. కత్తి పట్టిన హీరో వాల్‌పోస్టర్ చూసి హాల్లోకెళ్లిన ప్రేక్షకుడికి మూడు గంటలూ ఇంటిగొడవల కథే చూపిస్తే, టికెట్టు తెగినా రెండో ఆటకు జనం ఉండరు. స్టీమ్‌లో ఆ కోపానికి దారి ఇంకా దగ్గర: 2015 జూన్ నుంచి, కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటలకన్నా తక్కువ ఆడినవారు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మొబైల్‌లో ఉచితంగా దొరికే గేములకు ఆ భయం తక్కువ, అందుకే అక్కడ మాయ ఎక్కువ. ‘హోమ్‌స్కేప్స్’, ‘గార్డెన్‌స్కేప్స్’ ప్రకటనల్లో చూపించిన పజిల్ అసలు ఆటకు ప్రతినిధి కాదని బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ 2020లో తేల్చి వాటిని ఆపించింది. అలాంటి ప్రకటనలు డబ్బు తెచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన అవి మంచివైపోవు. చూసేవాడి కాలాన్ని దొంగిలించిన బొమ్మకు నేను మార్కులు వేయలేను.

మంచి గేముకు అట్టతో పనిలేదనే మాటా ఒకటుంది. ‘అమాంగ్ అస్’ 2018లో వచ్చింది, కరోనాతో జనం ఇళ్లలో చిక్కుకుని, ఇతరులు ఆడుతుంటే చూడటం పెరిగిన 2020లో వెలిగింది. అది ముఖచిత్రం పుణ్యం కాదు. నిజమే. కానీ అలాంటి గాలి ఎప్పుడు, ఎవరివైపు వీస్తుందో ఏ డెవలపర్ చేతిలోనూ లేదు, బొమ్మ ఉంది. దాన్ని పరీక్షించడానికి ఖర్చు కూడా లేదు. 120 పిక్సెళ్లకు కుదించి, అదే తరహా గేముల ఇరవై బొమ్మల మధ్య పెట్టి, ఒకసారి రంగులు తీసేసి నలుపు తెలుపులో చూడాలి. తర్వాత ఆ గేము సంగతే తెలియని వాళ్లకు రెండు సెకన్లు చూపించి దాచేసి, ‘ఇందులో నువ్వేం చేస్తావనుకుంటున్నావు’ అని అడగాలి. స్నేహితులను అడిగితే లాభం లేదు, వాళ్లకు ముందే తెలుసు. వచ్చిన జవాబులు ఆటకు దగ్గరగా ఉంటే రంగులకు మెరుగు పెట్టుకోవచ్చు. దూరంగా ఉంటే ఎంత ముచ్చటైన బొమ్మనైనా పక్కనపెట్టి మళ్లీ గీయించాలి. అదీ విడుదల ముంగిట కాదు, దుకాణంలో గేము పేజీ తెరవకముందే; ఎందుకంటే విష్‌లిస్టులో చేర్చుకునేవాళ్లు ఆ రోజు నుంచే ఆ బొమ్మను చూడటం మొదలుపెడతారు.