రైఫిలు తూటాలను తామే నింపుకొనుట: లాభనష్టముల లెక్క

అడవిపందులు జొన్నచేలను, వేరుసెనగ పొలములను త్రవ్వి పాడుచేయుట మన రైతులకు క్రొత్త కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు రైతులకును ఇదే బాధ కలదు. వారు పందులను రైఫిళ్లతో కాల్తురు. వారిలో కొందరు కాల్చిన తూటాలను ఇంటనే మరల నింపుకొందురు. దీనివలన నిజముగా డబ్బు మిగులునా యనునది విచారింపదగిన విషయము.

మన దేశమున మాత్రము చట్టమును ముందు తెలిసికొనవలెను. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. తుపాకి లైసెన్సు చేత నున్నది గదా యని ఈ పనికి పూనుకొనరాదు. అటవీశాఖవారి యనుమతి లేక పందిని కాల్చుటయు కూడదు.

తూటాకు ఇత్తడి గొట్టము, ప్రైమరు, మందు, గుండు అని నాలుగు భాగములు. కాల్చిన పిమ్మట గొట్టమొక్కటే మిగులును. దానిని మరల వాడుటవలననే ఆదాయము. అయితే ప్రతి గొట్టమును పనికిరాదు. బాక్సరు పద్ధతి గొట్టమునకు అడుగున నడుమ నొకే రంధ్రముండును. పాత ప్రైమరును సూదితో సులభముగా త్రోసివేయవచ్చును. బెర్డాను పద్ధతిలో సాధారణముగా రెండు చిన్న రంధ్రములుండుటచే ఆ పని కష్టము. వింత యేమనగా, బాక్సరు ఆంగ్లేయుడు, ఆయన పద్ధతి అమెరికాలో నిలిచెను. బెర్డాను అమెరికావాడు, ఆయన పద్ధతి ఐరోపాలో వ్యాపించెను.

ఇక లెక్క. పౌను మందులో 7000 గ్రెయిన్లు. .308 రైఫిలు తూటాకు సుమారు 45 గ్రెయిన్లు పట్టును గాన, పౌనుకు 155 తూటాలగును. పౌను మందు 45 డాలర్లనుకొన్నచో తూటాకు 29 సెంట్లు. ప్రైమరునకు 8, గుండునకు 35 వేసిన మొత్తము 72 సెంట్లు. (ఈ సెంటు మన భూమికొలత కాదు, డాలరులో నూరవ వంతు.) అంగడి తూటా ఒక డాలరైనచో 28 సెంట్లు మిగులును. ప్రెస్సు, అచ్చులు, త్రాసు మొదలగు వానికి 420 డాలర్లు పెట్టినవానికి 1500 తూటాలు నింపిన పిమ్మటగాని పెట్టుబడి తిరిగిరాదు. ఏటా నూరు తూటాలు కాల్చు రైతుకు ఇది పదునైదేండ్ల మాట. గురి యభ్యసించుటకై నెలకు 250 కాల్చువానికి ఆరు నెలలే.

ఈ వెలలు లెక్క చూపుటకై తీసికొన్నవి. ఎవరి యూరి వెలలు వారు వేసికొనవలెను. 2020లో కరోనా వ్యాపించిన పిమ్మట అమెరికాలో ప్రైమర్లు దొరకక వాని ధర మిక్కిలి హెచ్చెను. .223 వంటి తూటాలు కార్ఖానాలలో విస్తారముగా తయారగుటచే చౌక. వానిని నింపుటవలన మిగులు స్వల్పము. అంగడిలో అరుదుగా దొరకు పాత రైఫిళ్ల తూటాలకైతే మిగులు హెచ్చు.

గొట్టము శాశ్వతము కాదు. కాల్చినకొలది సాగును, గట్టిపడును, తుదకు మెడ పగులును. కత్తిరించుటకు, శుభ్రపరచుటకు పట్టు కాలమును కూలి క్రింద వేయువారు తక్కువ. అంతేకాక, చౌకగా వచ్చినవి గదా యని మునుపటికంటె నెక్కువ కాల్చుటయు కలదు; అప్పుడు తూటా ఖర్చు తగ్గినను ఏటి ఖర్చు తగ్గదు.

పొరపాటునకు వెల వేరు. పిస్తోలు మందును రైఫిలు గొట్టమున నింపినచో తుపాకి పగిలి కన్ను, చేయి పోవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు పని చేయు బల్లమీద ఒక్క మందుడబ్బానే యుంచుకొని, తక్కినవానిని బీరువాలో పెట్టి తాళము వేయుదురు.