సిద్దిపేటకు అక్షరాలెన్ని?

దీపావళికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మనవరాలు వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్ మీద ఏదో కొడుతుంటే నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నది. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే తెలుగు మాటలను పట్టుకునే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నదట, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో. ‘జలజ’ అని కొట్టింది. అవునన్నది. ‘నటన’, ‘సరస’ కూడా కొట్టింది. రెంటికీ అవుననే జవాబు.

“వికటకవి కొట్టి చూడు బిడ్డా” అన్నాను.

పైథాన్ కాదన్నది.

తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిన పేరని ఊరూరా కథ చెప్పుకుంటాం. మొదటి నుంచి చదివినా చివరి నుంచి చదివినా వికటకవే. అలాంటి మాటను పట్టుకుని కాదంటే ఎట్లా? పిల్ల ముఖం చిన్నబోయింది. “మూడింటికి మంచిగనే చెప్పింది గద తాతా” అంటూ తిరగేసిన మాటను తెర మీదికి రప్పించింది. మొట్టమొదట చుక్కలతో గీసిన సున్నా ఒకటి, దాని నెత్తిన గుడి. ఆ తర్వాత వ, క, ట, కి, వ. మాట వెనక్కి తిరిగేసరికి గుడులు తమ అక్షరాలను వదిలేసి పక్కవాటి మీద ఎక్కి కూర్చున్నాయి.

జలజకూ, నటనకూ, సరసకూ గుడులు లేవు, కొమ్ములు లేవు, ఒత్తులు లేవు. అన్నీ వట్టి తలకట్లు. అందుకే ఆ మూడూ గట్టెక్కాయి. మార్కెట్ యార్డులో వడ్లు కొనేవాళ్లు బస్తా మూతి దగ్గరి గింజలు చూసి ధర కట్టరు. బస్తా నడుములోకి ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజ బయటికి తీసి అరచేతిలో నలిపి చూస్తారు. మా పిల్ల అప్పటిదాకా పైగింజలే చూసింది.

“సరే, మన సిద్దిపేటల ఎన్ని అక్షరాలున్నయి అని అడుగు” అన్నాను.

పైథాన్ తొమ్మిది అన్నది. వంటింట్లోంచి మా ఇంటావిడ వేళ్లు మడిచి లెక్కపెట్టి “నాలుగే గద! సి, ద్ది, పే, ట” అన్నది.

ఇద్దరూ చెప్పింది నిజమే. కంప్యూటర్లో ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో దాని మొదటి కూర్పు వచ్చినప్పుడే తెలుగుకు చోటు దొరికింది. ఒక వరుసలో 128 గదులు. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు సర్దుకున్నాయి. ఒత్తులకు మాత్రం వేరే గదులు లేవు. ద కింద ద వత్తు రావాలంటే ద, పొల్లు, మళ్లీ ద అని మూడు గుర్తులు వరసగా పేర్చాలి. వాటిని కలిపి ఒత్తుగా గీసే పని తెర చూసుకుంటుంది. ఆ లెక్కన సిద్దిపేట అంటే స, గుడి, ద, పొల్లు, ద, గుడి, ప, ఏత్వం, ట. తొమ్మిది. పైథాన్ లెక్కపెట్టింది గుర్తులను, మా ఇంటావిడ లెక్కపెట్టింది నోటితో పలికే అక్షరాలను.

ఈ తొమ్మిదైనా ఊరికే రాలేదు. పైథాన్‌ను గీడో వాన్ రాసమ్ అనే డచ్చాయన 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి 1991 ఫిబ్రవరిలో బయటపెట్టాడు. చాలా ఏళ్లు అది మాటలను అక్షరాలుగా కాదు, బైట్ల మూటగానే చూసింది. యూనికోడ్ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి కట్టారు. అందులో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు కావాలి. కాబట్టి పాత పైథాన్ 2లో మామూలు కొటేషన్ల మధ్య ఇట్లా దాచిన సిద్దిపేటను పెట్టి పొడవు అడిగితే ఇరవై ఏడు అనేది!

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో దీన్ని మొదలంటా మార్చారు. కొటేషన్ల మధ్య ఏది రాసినా యూనికోడే. ఈ మార్పు వల్ల పాత ప్రోగ్రాములెన్నో ఆగిపోయాయి. లోకమంతా పాతింట్లో ఒక కాలు, కొత్తింట్లో ఒక కాలు పెట్టి పదకొండేళ్లు నడిచింది. 2020 జనవరి 1తో పైథాన్ 2ను పోషించడం ఆపేశారు. అప్పట్లో ఎందుకింత కష్టపెడుతున్నారని చాలామంది సణిగారు. నన్నడిగితే తెలుగువాళ్లకు పైథాన్ చేసిన మేళ్లలో ఇదే పెద్దది. ఇరవై ఏడు తొమ్మిదికి దిగింది.

పిల్ల ఇంకో సంగతి చూపించింది. ‘౨౦౧౬’ అని తెలుగు అంకెల్లో సిద్దిపేట జిల్లా పుట్టిన ఏడు రాసి, సంఖ్యగా మార్చమంటే తడుముకోకుండా 2016 అన్నది. అంతే కాదు, ప్రోగ్రామ్‌లో మనం పెట్టుకునే పేర్లు కూడా తెలుగులో ఉండొచ్చు. మార్టిన్ ఫాన్ లోవిస్ అనే జర్మన్ ఆయన 2007లో 3131 నంబరుతో ఒక ప్రతిపాదన రాసిపెడితే, దాని పుణ్యాన పైథాన్ 3లో అది చెల్లింది. మా మనవరాలు దర్జాగా ‘గొల్లభామ’ అనే పేరుతో ఒక క్లాసు రాసింది.

క్లాసు అంటే ఏందో అడుగుతారేమో. మా ఊరి గొల్లభామ చీర చూశారా? నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచిపోయే భామ, కొంగు నిండా వరస కట్టి ఉంటుంది. నేతన్న దగ్గర భామ నమూనా ఒక్కటే. ఎన్నో పోగు దగ్గర ఏ రంగు నూలు దూర్చాలి, కుండ ఎక్కడ, గజ్జె ఎక్కడ, అంతా అందులో ఉన్నది. అది క్లాసు. మగ్గం మీద నేసిన ఒక్కొక్క భామ ఒక్కొక్క ఆబ్జెక్టు. ఒక భామ ఎర్రగా ఉండొచ్చు, ఇంకో భామ పచ్చగా ఉండొచ్చు, నమూనా మారదు. కంప్యూటర్లోని భామకు ఇంకో గుణం కూడా ఉన్నది. నీ రంగేందని అడిగితే తనే చెబుతుంది, పక్కకు జరుగమంటే తనే జరుగుతుంది. పెండ్లిలో వంటమేస్త్రికి రెండు వందల మంది అని చెప్తే చాలదా? పప్పెంత, ఉప్పెంత అన్నది ఆయన చేతికి తెలుసు, మనం గాడిపొయ్యి దగ్గరికి పోనవసరం లేదు. తన సరుకు, తన పనితనం రెండూ తన దగ్గరే పెట్టుకుని, అడిగితే పని చేసి పెట్టేది ఆబ్జెక్టు.

ఈ ఆలోచన 1960లలో ఓస్లోలో పుట్టింది. ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు నార్వే వాళ్లు వరసల్లో కదిలే మనుషులను, సరుకులను కంప్యూటర్లో నడిపి చూడడానికి సిములా అనే భాష కట్టారు. 1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ అనే భాష చేసింది. అలన్ కే గణితంతో పాటు జీవశాస్త్రమూ చదివినవాడు. ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకున్నట్టు ఆబ్జెక్టులూ కబుర్లు పంపుకోవాలన్నాడు. పైథాన్‌లో అంకె కూడా ఆబ్జెక్టే, మాట కూడా ఆబ్జెక్టే. ‘వికటకవి’ అనే ఆబ్జెక్టును నీ పొడవెంత అని అడిగితే ఏడు అన్నది. అది ఏం లెక్కపెట్టి చెప్పిందో కనుక్కోవడం మాత్రం అడిగినవాళ్ల బాధ్యత.

కనుక్కునేందుకు మంచి పనిముట్లు ఉన్నాయి. నాకు బాగా నచ్చినది టెస్టు. ఏ మాట ఇస్తే ఏ జవాబు రావాలో ముందే రాసిపెట్టుకుంటాం. ప్రోగ్రామ్‌లో ఎక్కడ వేలు పెట్టినా ఆ చిట్టా మొత్తం మళ్లీ నడిపిస్తాం. ఒక్కటి తప్పినా ఎర్రగా చూపిస్తుంది. ఈ పద్ధతికి స్మాల్‌టాక్‌లో పనిముట్టు చేసినవాడు కెంట్ బెక్. 1997లో ఆయన, ఎరిక్ గామా కలిసి విమానంలో అట్లాంటా పోతూ, ఆ ప్రయాణంలోనే దాన్ని జావా అనే భాషలోకి తెచ్చారు. అదే వంశంలోని పనిముట్టు 2001లో పైథాన్‌తో పాటే రావడం మొదలైంది. నాలుగు దశాబ్దాలు లెక్కలు చెప్పినవాణ్ని. జవాబు ముందు తెలిసి ఉండి, తప్పు పట్టుబడినప్పుడు సంతోషించే పద్ధతి నాకు బడిలోని చదువులాగే అనిపిస్తుంది.

టెస్టు చిట్టాలో ఏ మాటలు ఉంటే ఆ మాటలకే రక్ష. 2018 ఫిబ్రవరి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, దాని మీద దీర్ఘం. ఈ వరసను గీయబోయిన ఆపిల్ ఫోన్లు తడబడి, అది ఉన్న కబురు వచ్చిన యాప్ మూసుకుపోయేది. తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. అదే నెల 19న ఆపిల్ వాళ్లు 11.2.6 అనే కూర్పుతో సరిచేశారు. ‘ఫోన్లను కూల్చే తెలుగు అక్షరం’ అని లోకమంతా రాస్తే నాకు మనసు చివుక్కుమన్నది. జ్ఞానంలో మొదటి అక్షరం అది. తప్పు అక్షరంలో లేదు, దాన్ని గీసే లోపలి ప్రోగ్రామ్‌లో ఉన్నది. ఆ వరసను ముందే నడిపి చూసిన చిట్టా ఒక్కటి ఉన్నా అక్కడే పట్టుబడేది.

ఇక తొమ్మిది నాలుగుకు ఎట్లా దిగుతుంది? గుర్తులను గుత్తులుగా కట్టే నియమాలను యూనికోడ్ వాళ్లే రాశారు. వాటి పాత పద్ధతి గుడిని, ఏత్వాన్ని వాటి అక్షరానికే కట్టేసేది గాని, పొల్లు దగ్గరికి వచ్చేసరికి మాటను తెంపేది. సి, ద్, ది, పే, ట. అంటే అయిదు. పత్రికల్లో గళ్ల నుడికట్టు నింపేవాళ్లకు ఇందులోని ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. ‘ద్ది’ ఒక గడిలో ఉండాలి. ఒక గడిలో ద్, ఇంకో గడిలో ది పెడితే అడ్డం నిలువు కలవవు. గణాలు కట్టి పద్యం రాసేవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు.

2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో ఈ నియమాన్ని సరిదిద్దారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే ఇక తెంపకూడదు. యూనికోడ్ పుట్టిన ముప్పై రెండేళ్లకు సిద్దిపేట నాలుగు అక్షరాలకు వచ్చింది. ఆ నెలాఖరులోనే దేశంలోని పైథాన్ వాళ్లంతా కలిసే పైకాన్ ఇండియా హైదరాబాద్‌లో మొదలైంది. 2018లోనూ ఆ సభ అక్కడే జరిగింది. రాజీవ్ రహదారి మీద బస్సెక్కితే సిద్దిపేట పిల్లలకు ఎంత దూరం?

పైథాన్ బాగోగులు ఇప్పుడు ఎవరు చూస్తున్నారని కూడా పిల్లను అడిగాను. 2018 జులైలో గీడో పెద్దరికం వదులుకున్నాడట. ఆ మరుసటి ఏడు నుంచి, పైథాన్‌ను రాసేవాళ్లు ఓట్లు వేసి ఎన్నుకున్న అయిదుగురు నడిపిస్తున్నారు. అయిదుగురు కూర్చుని తేల్చడమంటే పంచాయతీయే. ఏటా అక్టోబరులో కొత్త కూర్పు వస్తుంది. 2025 అక్టోబరు 7న 3.14 వచ్చింది. అందులో ప్రోగ్రామ్ కొడుతుంటేనే మాటలు రంగుల్లో విడివిడిగా కనిపిస్తున్నాయి. తప్పు కొడితే ‘మీరు అనుకున్నది ఇదా?’ అని అడుగుతున్నది. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఎర్రగీత కొట్టి వదిలేయడం వేరు, తప్పు మీద వేలు పెట్టి చూపడం వేరు. ఈ ఒక్క మార్పు కోసం శ్రమ పడ్డవాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను.

గుత్తులు కట్టే పని తనే మొదటి నుంచి రాయకుండా, మా మనవరాలు పిప్ అనే పనిముట్టుతో ఒక పొట్లం తెప్పించుకున్నది. పైథాన్ వాళ్లు రాసి అందరికీ పంచే ఇటువంటి పొట్లాలు అయిదు లక్షలకు పైనే ఉన్నాయి. వికటకవిని మళ్లీ ఇచ్చింది. అవును అన్నది! పిల్ల చప్పట్లు కొట్టింది. నేను మాత్రం సిద్దిపేట ఇవ్వమన్నాను. అయిదు అన్నది. పొట్లం పాత నియమం మీదనే ఉన్నదన్నమాట. వికటకవిలో ఒత్తు లేదు కాబట్టి దాటిపోయింది.

“చిట్టా రాద్దాం తాతా, మాటలు చెప్పు” అన్నది.

జ్ఞానం, జ్యోత్స్న చెప్పాను. మూడు హల్లులు ముడిపడ్డ స్త్రీని చెప్పాను. ఆరు గుర్తులు, ఒకటే అక్షరం. కంప్యూటర్లకు తెలుగు నేర్పడానికి హైదరాబాద్‌లో ఏళ్లుగా పాటుపడుతున్న సంస్థ పేరు స్వేచ్ఛ, అదీ చేర్చుకున్నది. వంటింట్లోంచి “లక్ష్మి రాసుకో, ఇయ్యాల పండుగ” అని వినబడింది. ఏడు గుర్తులు, రెండు అక్షరాలు. మంచి మాట దొరికింది.

దీపాలు పెట్టే వేళకు చిట్టాలో ఇరవై మాటలయ్యాయి. పిల్ల దాన్ని ఆ పొట్లం రాసినవాళ్లకు జతచేసి, పైన రెండు ముక్కలు రాసింది. సిద్దిపేటకు 5 వస్తున్నది, 4 రావాలి. లక్ష్మికి 4 వస్తున్నది, 2 రావాలి. ఒకసారి నాకు చదివి వినిపించి, పంపేసింది.