పాములు పట్టే ఉద్యోగానికి మాక్ ఇంటర్వ్యూ

హాస్టల్లో అందరం డీబీఎంఎస్ ప్రశ్నలు బట్టీ పడుతుంటే, మా బావ ఫోన్ చేసి "ఒరేయ్, నన్ను కూడా ఇంటర్వ్యూకి ప్రిపేర్ చెయ్యి" అన్నాడు. ఇళ్లలోకొచ్చిన పాముల్ని, కోతుల్ని పట్టి అడవిలో వదిలే సంస్థలో ఉద్యోగం. బావ ఊళ్లో ఎనిమిదేళ్లుగా పాములు పడుతున్నాడు. రెజ్యూమేలో మాత్రం పదో తరగతి తప్ప ఏమీ లేదు. నాకేమో పాములంటే చచ్చేంత భయం. అయినా కూర్చుని చదివా.

ముందు చట్టం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పాము తోళ్ల వ్యాపారం ఆగి, తమిళనాడులో ఇరుల తెగవాళ్ల బతుకు తలకిందులైంది. 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషంతోనే యాంటీవెనమ్ తయారవుతుంది. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో ఫ్లోరిడా వెళ్లి బర్మీస్ కొండచిలువల్ని పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఇది వినగానే బావ గొంతు మారిపోయింది.

తర్వాత ఫోటోలు పంపా. రెండు చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. "మొదటిది కట్లపాము, రెండోదానికి విషం లేదు" అని క్షణంలో చెప్పేశాడు.

"ఎలా తెలిసింది?"

"తెలుస్తుంది రా."

ఇక్కడే గంట పట్టింది. చేతికి తెలిసింది నోటికి రావాలి కదా! చివరికి లాగాం: కట్లపాముకి తెల్లచారలు తల దాటాక కాస్త దూరంలో మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గరే స్పష్టంగా ఉండి, తోకవైపు మసకబారతాయి. కట్లపాము వీపు మధ్యలో పొలుసులు మిగతావాటికంటే పెద్దవి. ఇవన్నీ బావే చెప్పాడు, నేను రాసుకున్నానంతే.

"ఎప్పుడైనా కాటు పడిందా?" అనడిగా. వీడియో కాల్‌లో వంకర తిరిగిన చూపుడువేలు గర్వంగా చూపించాడు. రక్తపింజరి. అత్తయ్యకి తలుపు సందులో నలిగిందని చెప్పాడట.

"బావా, అక్కడ ఇలా చూపించకు. ఆ రోజు ఏం తప్పు చేశావో చెప్పు."

చాలాసేపు మాట్లాడలేదు. "జనం చుట్టూ చేరి వీడియో తీస్తున్నారు. హుక్ పక్కన పడేసి చేత్తో పట్టా" అన్నాడు. తర్వాత కట్టు బిగించి ఊరుకోకుండా, నేరుగా ఆస్పత్రికి పోయి యాంటీవెనమ్ ఎక్కించుకున్నాడు. అందుకే ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాడు.

అదే రాసుకోమన్నా. సోమవారం ఇంటర్వ్యూ. నా ఫార్మల్ షర్ట్ కొరియర్ చేశాను. అత్తయ్యకి నిజం చెప్పడం మాత్రం ఉద్యోగం వచ్చాకే అట.