తెగిన తీగెలు, కలిసిన తీగెలు

రావిర్యాలలో చెలక నేల ఎక్కువ. వేసవిలో ఉదయము పెట్టిన నీరు మధ్యాహ్నమునకే ఇంకిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత ఈ ప్రాంతమున వెలసిన కొత్త ఇండ్లలో పచ్చిక పెంచుకొనే ముచ్చట కూడ పెరిగినది. బోరు నీటితో గడ్డిని పోషించుట ఎంతవరకు సబబన్నది వేరే చర్చ. మేమూ ఆ ముచ్చటకు లొంగినవారమే కనుక దానిపై ఎక్కువ మాట్లాడే అర్హత మాకు లేదు. మా ఇంటి ముందు మూడు భాగములుగా తుంపర గొట్టములు వేయించి, వాటిని వేళకు తెరచి మూయుటకు గోడకు ఒక విద్యుత్ పెట్టెను బిగించుకొన్నాము. మూడవ వేసవిలో తూర్పు భాగము ఎండసాగినది.

పిలిపించిన మెకానిక్కు చూసి ఒకే మాట అన్నాడు: "లోపట షార్టయింది సార్, మొత్తం తవ్వాలె."

తెలుగు చెప్పుకొని బ్రతికే వారము గనుక మేము ఆ మాట దగ్గరనే ఆగిపోయాము. మన వాడుకలో విద్యుత్తుకు వచ్చే ప్రతి జబ్బు పేరూ 'షార్టే'. దీపము వెలుగకపోయినా షార్టే, తీగె కాలిపోయినా షార్టే. వాస్తవమునకు ఇవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన జబ్బులు. తీగె తెగితే విద్యుత్తునకు దారి ఉండదు, ప్రవాహము ఆగిపోతుంది. రెండు తీగెలు మధ్యలో కలిస్తే దారి మరీ దగ్గరై ప్రవాహము హద్దు మీరుతుంది, ఫ్యూజు పోతుంది. షార్టు అని చెప్పదగినది ఈ రెండవది మాత్రమే. రోగమునకు పేరు తప్పు పెట్టితే వైద్యమూ తప్పుతుంది. ఇక్కడ ఆ తప్పు వైద్యము తోటనంతా తవ్వుట.

ఈ అమరిక పనిచేసే తీరు చాల సులభము. ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు సుమారు 24 వోల్టులకు తగ్గిస్తుంది. నేలలోని ప్రతి వాల్వు మీద ఒక తీగెచుట్ట, అనగా కాయిలు, ఉంటుంది. విద్యుత్తు పారినంతసేపు అది అయస్కాంతమై లోపలి చిన్న ఇనుప కడ్డీని పైకి లాగుతుంది; వాల్వు తెరచుకొంటుంది. పెట్టె నుండి ఒక్కొక్క కాయిలుకు ఒక్కొక్క తీగె విడిగా పోతుంది. తిరిగి వచ్చే తీగె మాత్రము అన్నింటికీ ఉమ్మడి. ఉమ్మడి కుటుంబము వంటిదే ఇదీ: పెట్టె దగ్గరనే ఆ తీగె తెగితే ఇంటిల్లిపాదికీ పస్తు. కనుక మొదట అడగవలసిన ప్రశ్న, ఆగినది ఒక భాగమా, అన్నీనా? అన్నీ ఆగితే ట్రాన్స్‌ఫార్మరును, ఫ్యూజును, ఉమ్మడి తీగెను చూడవలె. వాన కురిసినపుడు నీటిని ఆపే సెన్సారు ఉంటే దానినీ అనుమానించవలె. ఒక్కటే ఆగితే దాని కాయిలును, దాని తీగెను చూస్తే చాలు.

మాకు ఆగినది ఒక్కటే. వాల్వు మీది కాయిలును చేతితో పావు చుట్టు వదులు చేయగానే నీరు చిమ్మినది. అంటే గొట్టములో దోషము లేదు. మల్టీమీటరుతో పెట్టె వద్ద మూడవ భాగపు బిగింపును చూస్తే 26 వోల్టులు ఉన్నవి. పెట్టెలోనూ దోషము లేదు. ఇక మిగిలినది నేలలో ఉన్నదే.

తవ్వకుండ నేలలోని తీగెను చూచుటకు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము చాలును. పెట్టెకు విద్యుత్తు ఆపి, తీగెలను విప్పి, ఉమ్మడి తీగెకు, ఒక్కొక్క భాగపు తీగెకు మధ్య నిరోధమును కొలిచాము. మంచి కాయిలు సాధారణముగ 20 నుండి 60 ఓముల మధ్య చూపుతుంది. సున్నాకు దగ్గరగా ఉంటే తీగెలు కలిసినట్లు. అంకెయే రాకపోతే తెగినట్లు. మా మొదటి రెండు భాగములు 31, 33 చూపినవి. మూడవది ఈ రెండు విధములకూ చెందక సుమారు 3000 చూపినది. తెగనూ లేదు, కలవనూ లేదు!

వాల్వు గుంట మూత తీసి తీగెల ముడిని విప్పి, కాయిలును ఒంటరిగా కొలిస్తే 32. అది నిక్షేపము. దోషము ముడిలోనే ఉన్నది. రాగి తీగెలను మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు; లోపలికి తడి దిగి రాగి పచ్చని చిలుము పట్టినది. ఆ చిలుము గుండ 9 మిల్లీ ఆంపియర్లకు మించి పారలేదు. కడ్డీని ఎత్తి పట్టుటకు దానికి ఇరువది రెట్లకు పైగా కావలె. కాయిలు విప్పి ఉంచి వోల్టులు మాత్రమే చూసి ఉంటే మీటరు నిండుగ 26 చూపి మమ్ములను మోసగించి ఉండేది. విద్యుత్తు పారనపుడు ముడిలోని లోపము వోల్టులలో కనబడదు.

ఈ కొలతలన్నీ 24 వోల్టుల వైపున చేసినవి గనుక జాగ్రత్తగా ఉండే విద్యార్థి కూడ చేయవచ్చును. పెట్టెకు అవతలి వైపున మాత్రము చేయి పెట్టరాదు. బోరు మోటారు, దాని స్టార్టరు, 230 వోల్టుల తీగె లైసెన్సు గల ఎలక్ట్రీషియను చూడవలసినవి. తడి గడ్డి మీద వట్టి కాళ్ళతో నిలుచున్న మనిషి దేహము విద్యుత్తునకు నేలలోనికి చక్కని దారి. మా గుంటలో ఇంకొక సంగతి బయటపడినది. బిగించినవారు మోటారు తీగెను కూడ ఈ తీగెలతోనే ఒకే గొట్టములో దూర్చినారు. తోటకు నీళ్ళు పెట్టేవారు రోజూ నడిచేది దాని మీదనే. రెండింటినీ వేరు చేయించి, మోటారు వైపున 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే తెగిపోయే బ్రేకరును పెట్టించుటకు అయిన ఖర్చు ముందు ముడి ఖర్చు ఏపాటి? గ్రీజు నింపిన తొడుగును తొడిగి ఆ ముడిని మేమే వేసుకొన్నాము.

తిరిగి కొలిస్తే మూడవ భాగము 34 చూపినది. ఆ మూడు అంకెలను పెట్టె మూతకు లోపలివైపు పెన్సిలుతో రాసి ఉంచాము, వచ్చే వేసవిలో పోల్చి చూచుకొనుటకు.