వెంట్రుక నుంచి చిప్ దాకా: తేమమీటరు కథ

కథలాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో వరిగడ్డికి కొదవ లేదు. ఆ గడ్డిని తరిగి, ఉడకబెట్టి, విత్తనం కలిపి సంచుల్లో నింపితే గదిలోనే పుట్టగొడుగులు పండించవచ్చు. ముత్యపు చిప్ప రకమైనా, మన ఎండలకు ఓర్చుకునే పాల పుట్టగొడుగైనా, కాపు సమయంలో గదిలో తేమ 80 నుంచి 85 శాతం దాకా ఉండాలి. తగ్గితే మొగ్గలు ఎండిపోతాయి. మరీ ఎక్కువై గాలి ఆడకపోతే మచ్చలు పడి కుళ్లుతాయి. అందుకని గోడకు ఒక మీటరు, సంచుల మధ్య ఇంకొకటి పెడితే, ఒకటి 80 అంటుంది, రెండోది 90 అంటుంది. దేన్ని నమ్మాలి? మీటరు పుట్టుక తెలిస్తే జవాబు దొరుకుతుంది.

1783లో జెనీవా శాస్త్రవేత్త సస్యూర్ తేమను కొలవడానికి మనిషి తల వెంట్రుకను ఎంచుకున్నాడు. ఎండిన గాలిలోంచి బాగా తడి గాలిలోకి వస్తే వెంట్రుక నూటికి రెండు, రెండున్నర వంతులు సాగుతుంది. దాని జిడ్డు వదిలించి, ఒక కొస బిగించి, రెండో కొసకు ముల్లు తగిలించాడు. ఆ కాస్త సాగుడుకే ముల్లు కదిలింది. కానీ వెంట్రుక నిదానంగా స్పందిస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ తప్పు చూపుతుంది.

తర్వాతి పద్ధతి మన ఇంటి రంజన్‌లోనే ఉంది. ఎండకాలం పొడి గాలికి రంజన్ గోడల మీది చెమ్మ ఆవిరై నీళ్లు చల్లబడతాయి. వానకాలంలో గాలి ముందే తడిగా ఉంటుంది కాబట్టి అంత చల్లబడవు. 1820లలో జర్మనీకి చెందిన ఆగస్ట్ ఈ సూత్రంతోనే రెండు థర్మామీటర్లను పక్కపక్కన నిలిపి, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టాడు. పొడిది 40 డిగ్రీలు, తడిది 22 డిగ్రీలు చూపితే గాలిలో తేమ 20 శాతం లోపే. 30, 27 చూపితే దాదాపు 79 శాతం.

1938లో అమెరికాలో డన్‌మోర్ లిథియం క్లోరైడ్ ఉప్పు పూతతో విద్యుత్ మీటరు చేశాడు. తడి పెరిగితే ఆ పూతలో కరెంటు సులువుగా పారుతుంది. 1973లో ఫిన్లండ్ కంపెనీ వైసాలా పలుచని ప్లాస్టిక్ పొరతో సెన్సర్ తెచ్చింది. పొర ఆవిరిని పీల్చుకునేకొద్దీ విద్యుత్తును నిలుపుకునే శక్తి మారుతుంది. ఇప్పటి డిజిటల్ మీటర్లలో చాలావాటికి ఈ పద్ధతే ఆధారం.

ఇక మన గదిలోకి వద్దాం. మీటరు చూపే శాతం గాలిలోని నీటి బరువు కాదు. ఆ వేడిలో గాలి మోయగల ఆవిరిలో ఇప్పుడు ఎంత వంతు ఉందో చెప్పే లెక్క. వేడెక్కితే గాలి మోసే శక్తి పెరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలిని, చుక్క నీరు కలపకుండా 26 డిగ్రీలకు చల్లబరిస్తే 90 శాతం అవుతుంది. ఎండ తగిలే గోడకు, తడి సంచుల నడిమికి రెండు డిగ్రీల తేడా ఉంటే చాలు. అప్పుడు రెండు మీటర్లూ నిజమే చెబుతున్నాయి, ఎవరి చోటు సంగతి వారిది. పుట్టగొడుగుకు కావలసింది మాత్రం అది మొలిచే చోటి లెక్క. కాబట్టి మీటరు సంచుల ఎత్తులో, పిచికారీ నీళ్లు నేరుగా పడని చోట ఉండాలి. సెన్సర్ మీద నీరు నిలిస్తే అది ఆరేదాకా 100 దగ్గరే ఆగిపోతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టినా తేడా పోకపోతే తప్పు మీటరుదే. చౌక సెన్సర్లకు ఐదు శాతం అటూ ఇటూ మామూలే. దీన్ని తేల్చడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో పొడి ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత నీరు చిలకరించండి. దాన్నీ మీటర్లనూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఎండ తగలని చోట రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు డబ్బాలోని గాలిని 75 శాతం దగ్గర నిలబెడుతుంది. వానకాలం ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది కూడా బయటి తేమ ఈ గీత దాటినప్పుడే.

తెల్లారి ఒక మీటరు 71 చూపితే, దాని వెనక ‘నాలుగు కలుపు’ అని రాసి పెట్టుకోండి. ఆ గీతకు దగ్గర్లో అది చెప్పే లెక్కను ఇక నమ్మవచ్చు.