ఎనిమిదేళ్ళ డైసీ, కొత్త ఇల్లు

"అమ్మా, మనమూ కుక్కని పెంచుకుందాం" అని మా అమ్మాయి మూడేళ్ళుగా పోరు పెడుతూనే ఉంది. ఇద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్ళం, కుక్కపిల్లని తెస్తే దానికి అన్నీ నేర్పే తీరిక ఎక్కడిదని వాయిదా వేస్తూ వచ్చాం. చివరికి న్యూజెర్సీలో మా ఊరి షెల్టర్ నుంచి ఎనిమిదేళ్ళ బీగుల్ ఆడకుక్కని తెచ్చుకున్నాం. పేరు డైసీ. "పెద్దది కదా, అన్నీ తెలిసే ఉంటాయి" అనుకున్నాం. అదే మా మొదటి పొరపాటు!

వచ్చిన రెండోరోజే హాల్లో కార్పెట్ తడిసింది. మూడోరోజు మేడమీద. నాలుగోరోజు సరిగ్గా పూజగది ముందు వేసిన చిన్న తివాచీ మీద! తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మకి ఆ రోజు కోపం ఆగలేదు. "దీపం పెట్టుకునే చోట ఈ పనేమిటే? అది ఉంటే నేనుండను, టికెట్ ముందుకి మార్పించు" అంది. "కావాలంటే తిరిగి ఇచ్చెయ్యమని షెల్టర్ వాళ్ళు చెప్పారుగా" అని మా వారు మెల్లగా గుర్తుచేశారు. ఆ మాట విని మా అమ్మాయి అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. నేను డైసీని తడిసిన చోటికి లాక్కెళ్ళి గట్టిగా కసిరాను. అది బల్ల కిందకి దూరింది.

విచిత్రమేమిటంటే, అసలు సంగతి కనిపెట్టింది అమ్మే. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే కదా! "ఇది పొగరుతో చేసేది కాదే. గంటలో నాలుగుసార్లు కూర్చుంటోంది, నాలుగు చుక్కలు కూడా రావడంలేదు. పాపం, నొప్పిగా ఉన్నట్టుంది" అంది.

మర్నాడే వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. మూత్రం పరీక్ష చేసి, మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. పెద్ద వయసు కుక్క ఇల్లు పాడుచేస్తుంటే మొదట చేయించాల్సింది ఆరోగ్య పరీక్షేనట. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉంటే నీళ్ళు ఎక్కువ తాగి ఎక్కువసార్లు పోస్తాయి. ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలోనే తెలియకుండా కారిపోతుంది. బాగా ముసలివాటికి మతిమరుపు వచ్చి, నేర్చుకున్నదీ మరిచిపోవచ్చు. కీళ్ళనొప్పులుంటే మెట్లు దిగి బయటికి వెళ్ళడమే కష్టం. ఇవేవీ తిడితే తగ్గేవి కావు. "తడి చేస్తోంది కదా అని నీళ్ళు మాత్రం తగ్గించకండి" అని డాక్టర్ ఒకటికి రెండుసార్లు చెప్పారు.

యాంటీబయాటిక్ మందులు పూర్తిగా వాడాక నొప్పి పోయింది. అలవాటు మాత్రం మిగిలింది. అందుకని కుక్కపిల్లకి నేర్పినట్టే మొదటినుంచీ మొదలుపెట్టాం. పొద్దున్న లేవగానే, తిన్న తరువాత, కునుకు తీసి లేచాక, పడుకునే ముందు, మధ్యలో రెండుమూడు గంటలకోసారి, తాడు కట్టి పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్ళడం. పని అవగానే, లోపలికి రాకముందే, "శభాష్" అని చిన్న బిస్కట్ ముక్క పెట్టడం. ఇంట్లోకి వచ్చాక పెడితే ఆ బహుమతి దేనికో దానికి అర్థం కాదు. ఎప్పుడో చేసినదానికి తర్వాత కోప్పడినా అంతే. మనల్ని చూసి భయపడటం, చాటుగా చెయ్యడం మాత్రమే నేర్చుకుంటుంది.

తడిసిన చోట్లని ఎంజైమ్ క్లీనర్‌తో శుభ్రం చేశాం. మామూలు సబ్బుతో కడిగితే మన ముక్కుకి వాసన పోతుంది గానీ, కుక్క ముక్కుకి పోదు. వాసన ఉన్నచోటే మళ్ళీ వెళ్తుంది. అమోనియా కలిసిన క్లీనర్లు అసలే వద్దు, ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేస్తుంది. పూజగది ముందు తివాచీ తీసేసి, అడ్డంగా పిల్లల గేటు పెట్టాం.

పిల్లలూ, ఈ పనిలో మీ వాటా కూడా ఉంది! మా అమ్మాయి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, డైసీ ఎన్ని గంటలకి బయటికెళ్ళిందీ, ఎప్పుడు లోపల తడిచేసిందీ రాసేది. వారం తిరిగేసరికి ఒక సంగతి బయటపడింది. లోపల తడిచేసినవన్నీ మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యే! ఆ వేళకి బయటికి తీసుకెళ్ళే బాధ్యత ఎవరు తీసుకున్నారనుకున్నారు? చలికోటు, మంకీ టోపీ వేసుకుని, మా అమ్మ!

రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ జోరున వాన పడితే డైసీ గడప దాటనని మొరాయిస్తుంది, అప్పుడప్పుడూ కార్పెట్ తడుస్తుంది. తుడుచుకుంటాం, అంతే. ఎనిమిదేళ్ళు మరెక్కడో బతికి వచ్చిన ప్రాణికి మన ఇంటి పద్ధతులు నాలుగు రోజుల్లో రావాలనుకోవడం మనదే తొందరపాటు. ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు మనకి మాత్రం ఎన్నాళ్ళు పట్టిందని?

అమ్మ తెనాలి వెళ్ళిపోయింది, ముందుకి మార్చని టికెట్ మీదే. ఆదివారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మా గురించి కాదు. "రెండింటికి దాన్ని బయటికెవరు తీసుకెళ్తున్నారే?"